స్కాన్ బొమ్మలు నేనే తెరిచి చూడటం ఎలా మొదలెట్టాను

నేను కావలిలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తాను. స్కాన్ తీసే మిషన్లేవీ నా దగ్గర లేవు. అవసరమైనప్పుడు చీటీ రాసిస్తాను, పేషెంట్లు పోయి తీయించుకొస్తారు. కొన్ని ఊళ్లోనే అవుతాయి. ఎంఆర్ఐ లాంటి వాటికి అల్లూరు, బిట్రగుంట వైపు వాళ్లకి నెల్లూరు అలవాటు. ఉలవపాడు, సింగరాయకొండ వాళ్లు ఒంగోలు పోతారు. కాస్త ఉన్నవాళ్లు పినాకిని ఎక్కి చెన్నైకే పోయి వస్తారు. ఎవరు ఎక్కడికి పోయినా తిరిగొచ్చి నా టేబుల్ మీద పెట్టేది ఒక పెద్ద కవరు. అందులో రెండు మూడు ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు, అదృష్టం బాగుంటే ఒక సీడీ.

ఆ కవర్లోంచి రిపోర్టు తీసి, చివర్న ‘ఇంప్రెషన్’ అని ఉండే నాలుగు లైన్లు చదివి, మందు రాయడం మా వైపు డాక్టర్లలో మామూలుగా నడిచే పద్ధతి. ఓపీలో బయట యాభై మంది కూర్చుని ఉంటే ఇంకోలా చేయడం కష్టం, అది నాకు బాగా తెలుసు. కానీ కొన్నేళ్లుగా నేను చెప్పేది ఒకటే. చీటీ రాసిన డాక్టరు రిపోర్టుతో పాటు బొమ్మలు కూడా తెరిచి చూడాలి. స్కాన్ బొమ్మలు చదివి రిపోర్టు రాసే రేడియాలజిస్టు మీద నమ్మకం లేక కాదు. ఆయనకి బొమ్మ తెలుసు, పేషెంటు తెలియదు. మనకి పేషెంటు తెలుసు. ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి, అలా కలిసే చోటు మన టేబులే.

ముందు ఫిల్ము సంగతి. పద్నాలుగు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల పొడుగు ఉండే షీటు. దాని మీద ఇరవై, ముప్ఫై చిన్న చిన్న గళ్లలో బొమ్మలు ప్రింటు చేస్తారు. ఛాతీ సీటీ తీస్తే ఒంటిని అడ్డంగా కోసినట్టు చూపే సన్నటి స్లైసులు కొన్ని వందలు వస్తాయి. అందులోంచి ఏవి ప్రింటు చేయాలో టెక్నీషియన్ ఎంచుతాడు. పైగా మా పేషెంట్లు ఆ షీటును నాలుగు మడతలు పెట్టి బ్యాగులో కుక్కుకుని వస్తారు. ఒకావిడ తెచ్చిన ఎంఆర్ఐ ఫిల్ములో మడత గీత సరిగ్గా నాలుగో, అయిదో నడుం పూసల మధ్య పడింది. డిస్కు జారింది అక్కడే. వెనక లైటు వెలిగే వ్యూ బాక్సు మీద పెట్టి ఎంత చూసినా తెల్లటి చారే తప్ప డిస్కు కనబడలేదు.

మడత లేకపోయినా ఫిల్ముకి ఇంకో లోటు ఉంది. సీటీలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది. సీటీని కనిపెట్టినందుకు 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ అంకెలకి పెట్టారు. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకి వెయ్యికి అటూ ఇటూ. ఇన్ని వేల మెట్ల బూడిద రంగును మన కన్ను ఒకేసారి విడదీసి చూడలేదు. అందుకని కొంత భాగాన్నే ఎంచుకుని నలుపు నుంచి తెలుపు దాకా పరిచి చూస్తాం. దాన్నే విండో అంటారు. ఊపిరితిత్తులకైతే మధ్య అంకె మైనస్ 600 దగ్గర పెట్టి వెడల్పు 1500 ఇస్తారు. కండ, కాలేయం లాంటి వాటికి మధ్య 40, వెడల్పు 400. మెదడుకి మధ్య 40, వెడల్పు 80. పాత రేడియోలో ముల్లు తిప్పితే ఒక్కో స్టేషన్ తగిలినట్టు, అదే స్లైసులో విండో మార్చేకొద్దీ ఒక్కో అవయవం బయటికొస్తుంది. ఫిల్ము మీద ఆ ముల్లు ఒకచోట బిగించేసి ఉంటుంది. కండ కోసం పెట్టిన విండోలో ప్రింటు చేస్తే ఊపిరితిత్తులు ఉత్త నల్లటి సంచులు. అందులో చిన్న గడ్డ ఉన్నా కనబడదు.

అందుకని సీడీలు తెరవడం మొదలెట్టాను. అదీ అంత తేలిగ్గా కాలేదు. క్లినిక్‌లో ఉన్న లాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు, ఈ మధ్య వచ్చేవాటికి ఉండటం లేదు కదా. యూఎస్‌బీతో తగిలించుకునే డ్రైవ్ ఒకటి కొన్నాను. సీడీ పెడితే దానిలోనే ఉన్న వ్యూయర్, అంటే బొమ్మలు చూపించే ప్రోగ్రాం, దానంతటదే తెరుచుకోవాలి, తెరుచుకోదు. యాంటీవైరస్ ఆపేస్తుంది. తెరుచుకున్నా ఒక్కో సెంటరుది ఒక్కో రకం. ఒకదాంట్లో మౌస్ కుడి బటన్ నొక్కి లాగితే విండో మారుతుంది, ఇంకోదాంట్లో బొమ్మ పెద్దదవుతుంది. చివరికి వీసిస్ అనే ఉచిత వ్యూయర్ ఒకటి కంప్యూటర్లో వేసుకున్నాను. ఏ సెంటరు సీడీ అయినా అందులోనే తెరుస్తాను. ఇలా కుదరడానికి కారణం డైకామ్. స్కాన్ మిషన్ ఏ కంపెనీదైనా బొమ్మల్ని ఒకే తీరులో దాచాలని అమెరికాలో రేడియాలజిస్టులూ మిషన్ల తయారీదారులూ కలిసి 1985లో ఒక ప్రమాణం తెచ్చారు. అది 1993లో డైకామ్ అనే పేరుతో ఇప్పటి రూపానికి వచ్చింది. పేషెంటు పేరు, వయసు, తీసిన తేదీ, చుక్కకీ చుక్కకీ మధ్య దూరం, అన్నీ బొమ్మతో పాటే ఆ ఫైల్లో ఉంటాయి. అందుకే గడ్డ మీద గీత గీస్తే ఎన్ని మిల్లీమీటర్లో వ్యూయర్ చెప్పగలుగుతుంది.

కొన్ని సెంటర్లు సీడీలో డైకామ్ ఫైళ్లకి బదులు మామూలు ఫోటోల్లాగా జేపెగ్ బొమ్మలు పెట్టి ఇస్తాయి. వాటిలో విండో మారదు, కొలత రాదు. అవి ఫిల్ము కన్నా ఏం మెరుగు కాదు. తెరవగానే డైకామ్‌డిర్ అనే ఫైలు ఉందా అని చూస్తాను. లేకపోతే చాలావరకు జేపెగ్‌లే, పేషెంటు చేత సెంటరుకి ఫోన్ చేయిస్తాను. ఇంకో సంగతి, సీడీ మీద నుంచే తిప్పుతూ చూస్తే ఒక్కో స్లైసుకీ ఆగి ఆగి వస్తుంది. మొత్తం ఫోల్డరు కంప్యూటర్లోకి కాపీ చేసుకుని తెరిస్తే నీళ్లలా జారిపోతుంది. ఆ కాపీ అయ్యేలోపు బీపీ చూసి, వివరాలు అడిగి, పాత మందులు రాసుకుంటాను.

ఈ పని ఎంత అవసరమో నాకు గట్టిగా నాటుకున్నది ఒక పెద్దాయన విషయంలో. పొదిలి వైపు పల్లె. అరవై దాటిన రైతు. కూతుర్ని కావలిలో ఇచ్చారు, ఆ పిల్లే తీసుకొచ్చింది. కాళ్లు బిగుసుకుపోయి కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. మెడ అటూ ఇటూ తిరగదు, పక్కన ఉన్నవాళ్లని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. అప్పటికే ఇంకో ఊళ్లో వెన్నుపూస ఎంఆర్ఐ అయింది. రిపోర్టులో పూసలన్నీ గట్టిపడినట్టున్నాయనీ, ఎక్కడో మొదలైన క్యాన్సరు ఎముకలకి పాకిన అవకాశం ఉందనీ, రోగి లక్షణాలతో సరిచూసుకోవాలనీ రాసి ఉంది. ఒంటినిండా క్యాన్సరు ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ తీయించమని వాళ్లకి చెప్పి పంపారు.

ఆయన్ని బయట కూర్చోబెట్టి కూతురు లోపలికొచ్చింది. “క్యాన్సరని రాసుండారంట గదా మేడమ్. నాయనకి ఇంకా చెప్పలేదు” అని కళ్లు తుడుచుకుంది.

సీడీ తెరిచాను. మెడ నుంచి నడుం దాకా పూసలన్నీ ఒకే తీరుగా నల్లగా ఉన్నాయి. ఎంఆర్ఐలో గట్టి ఎముక నల్లగానే కనబడుతుంది. కానీ క్యాన్సరు పాకితే సాధారణంగా ఒక పూసలో మచ్చ, పక్క పూస బాగా, ఆ తర్వాత రెండు మచ్చలు, ఇలా చెదురుమదురుగా ఉంటుంది. ఇక్కడ మంచి పూస ఒక్కటి లేదు, చెడ్డ పూస అని విడిగా చూపించేదీ లేదు. అన్నీ ఒకటే. ఎముకల్ని కలిపి పట్టే పట్టీల్లాంటి లిగమెంట్లలో, వెన్నుపాముకి వెనక ఉండే పసుపు లిగమెంటు, ముందుండే పొడుగు లిగమెంటు రెండూ మందంగా, ఎంఆర్ఐ వేర్వేరు తీరుల్లో తీసే అన్ని సీక్వెన్సుల్లోనూ నల్లగా ఉన్నాయి. అంటే లిగమెంట్లు కూడా ఎముకగా మారిపోతున్నాయి. నిలువు బొమ్మలో మెడ దగ్గర క్లిక్ చేస్తే అడ్డ బొమ్మ సరిగ్గా ఆ మట్టం దగ్గరికి వచ్చి ఆగింది. గుండ్రంగా ఉండాల్సిన వెన్నుపాము రెండు వైపుల నుంచీ నొక్కుకుని చిక్కుడు గింజంత సన్నబడింది.

ఆయన్ని లోపలికి పిలిచి నోరు తెరవమన్నాను. పళ్ల మీద అడ్డంగా గోధుమ రంగు చారలు. చిన్నప్పటి నుంచీ ఆ ఊళ్లోనే పెరిగారా అంటే అక్కడే పుట్టి అక్కడే పెరిగానన్నాడు. తాగేది బావి నీళ్లు, తర్వాత బోరు. ముంజేతికి ఎక్స్‌రే తీయించాను. మోచేయికీ మణికట్టుకీ నడుమ ఉండే రెండు ఎముకల్ని కలిపే పొర ఒకటుంటుంది. మామూలుగా ఎక్స్‌రేలో అది కనబడదు. ఈయనకి ఎముక అంచు వెంబడి దువ్వెన పళ్లలాగా సున్నం పేరుకుని తెల్లగా పొడుచుకొచ్చింది. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌కి ఇంతకన్నా గట్టి గుర్తు ఉండదు.

మన దేశంలో తాగే నీటి ఫ్లోరైడుతో ఎముకలు ఇలా పాడవుతాయని మొట్టమొదట వైద్య పత్రికకి ఎక్కింది ఈ నేల మీది రోగుల గురించే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో తాము చూసిన ఫ్లోరోసిస్ గురించి రాశారు. ఆ ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వైపు పోయాయి, తర్వాత దానికే ప్రకాశం పేరొచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. దర్శి, పొదిలి, కనిగిరి పేర్లు విన్న మా ప్రాంతపు డాక్టరుకి ఎవరికైనా ముందు తట్టేది నీళ్లే.

మరి రేడియాలజిస్టుకి ఎందుకు తట్టలేదు? ఆయనకి పోయిన చీటీలో “నడుం నొప్పి, కాళ్లలో బలం లేదు” అని మాత్రమే ఉంది. బొమ్మలు నెట్ మీద వేరే రాష్ట్రంలోని ఊరికి పోతాయి, అక్కడ కూర్చుని ఆయన వరసగా చదువుకుంటూ పోతాడు. రోగి ఏ ఊరివాడో, ఏ నీళ్లు తాగాడో, మెడ తిప్పగలడో లేదో, పళ్లెలా ఉన్నాయో ఆయన దాకా రాలేదు. ఉన్న సమాచారంతో క్యాన్సరు ఉందేమో చూడమనడం సబబే. అది రాయకపోతే ఇంకా తప్పు.

రిపోర్టు కింద ఉన్న సెంటరు నంబరుకి ఫోన్ చేసి, ఆయనతో మాట్లాడతానని పట్టుబట్టాను. సాయంత్రానికి ఆయనే చేశాడు. ఊరు చెప్పాను, పళ్లు చెప్పాను, ముంజేతి ఎక్స్‌రే పంపాను. ఫోన్ పెట్టకుండానే మళ్లీ తెరిచి చూసుకుంటున్నట్టు మౌస్ చప్పుడు వినబడింది. “ఇది ముందే చెప్పుంటే బాగుండేది మేడమ్, ఇప్పుడు అన్నీ సరిపోతున్నాయి” అన్నాడు. మర్నాడు రిపోర్టుకి అడెండం, అంటే సవరణగా అదనపు నోటు, రాసి పంపాడు. ఎముకల ఫ్లోరోసిస్, లిగమెంట్లు ఎముకగా మారడం, మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకోవడం అని. ప్రోస్టేటు క్యాన్సరు ఉందేమో చూసే పీఎస్ఏ రక్త పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది. పెట్ స్కాన్ అక్కర్లేకపోయింది.

కంప్యూటరు తెరను పెద్దాయన వైపు తిప్పి చూపించాను. చాలాసేపు చూశాడు.

“ఇదేనామ్మా నా ఎన్నుబూస? ఇంత నల్లగా ఉండాదేంది?”

“నీళ్లతో గట్టిపడిపోయింది పెద్దాయనా. క్యాన్సరు కాదు.”

“మా నాయనా ఇట్టానే వంగిపొయ్యాడు. మా ఊళ్లో ఇట్టా నడిచేవోళ్లు ఇంకా ఉండారు. వయసనుకున్నాం” అన్నాడు.

నెల్లూరులో న్యూరోసర్జన్ మెడ దగ్గర పూసల వెనక భాగం తీసి వెన్నుపాము మీద ఒత్తిడి తగ్గించాడు. ఈ జబ్బులో పోయిన బలమంతా వెనక్కి రాదు. కర్ర వదల్లేదు గానీ కాళ్ల బిగుతు తగ్గింది, ఒకరు పట్టుకోకుండా బాత్‌రూముకి పోతున్నాడు. ఇంట్లో ఇప్పుడు శుద్ధి చేసిన నీళ్లే తాగుతున్నారు.

ఆ తర్వాత సీడీల కోసం ఎదురుచూడకుండా నేరుగా సెంటర్ల పాక్స్‌లోకి పోయి చూసే ఏర్పాటు కావాలని పట్టుకున్నాను. పాక్స్ అంటే స్కాన్ బొమ్మలన్నీ దాచి, కావలసినప్పుడు ఎక్కడికైనా పంపే కంప్యూటరు వ్యవస్థ. చీటీ రాసే డాక్టర్లకి అందులో విడిగా లాగిన్ ఇవ్వచ్చు. బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. నేను అడిగిన సెంటర్లలో ఒకదాంట్లో మేనేజరు, “అట్టాంటిది ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్” అన్నాడు. బాధనిపించింది. సెంటరు రిజిస్టర్లో ‘రిఫరింగ్ డాక్టర్’ అనే గడి ఉంటుంది. ఆ గడిని మా వృత్తిలో కొందరు కమీషన్ లెక్క కోసమే గుర్తుపెట్టుకుంటారు. పేషెంటు జేబులోంచి పోయే ఆ డబ్బు వైద్య నీతి నియమాల ప్రకారం కూడా తప్పు. నాకు కమీషన్ వద్దు, ఆ గడి వెనక ఉన్న లాగిన్ ఇవ్వండి అని అడిగాను. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి ఫారం నింపితే ఓటీపీతో తెరుచుకునే లాగిన్ వచ్చింది.

వచ్చింది గానీ తెరిస్తే జాబితా ఖాళీ. ఆ వారం అక్కడికి పంపిన వాళ్లెవరూ లేరు. టెక్నీషియన్‌తో కూర్చుని చూస్తే అర్థమైంది. లాగిన్‌లో నా పేరు ఎలా ఉందో, రిఫరింగ్ డాక్టర్ గడిలో అచ్చం అలాగే టైపు చేస్తేనే ఆ స్కాన్ నా జాబితాలోకి వస్తుంది. చీటీ మీది నా రాత చూసి ఒకరు ఇనీషియల్ ముందు పెట్టారు, ఒకరు వెనక పెట్టారు, ఒకరు మధ్యలో చుక్క పెట్టారు. చీటీ కనబడకపోతే ‘సెల్ఫ్’ అని కొట్టేశారు. ఇవన్నీ కంప్యూటరుకి వేర్వేరు మనుషులు. అచ్చు అక్షరాల్లో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రబ్బరు స్టాంపు ఒకటి చేయించి ప్రతి చీటీ మీదా వేయడం మొదలెట్టాను. సెంటరు వాళ్లు కూడా టైపు చేయడం మానేసి జాబితాలోంచి ఎంచుకునేలా మార్చారు. అప్పటి నుంచి వస్తున్నాయి.

పేషెంట్ల పేర్లతోనూ ఇదే గొడవ. మా వైపు సుబ్బమ్మలు, పెంచలయ్యలు, మాలకొండయ్యలు ఎంతమందో. ఒకే రోజు ఒకే పేరుతో ఇద్దరు స్కాన్‌కి రావడం వింతేమీ కాదు. అందుకే బొమ్మ తెరవగానే ముందు చూసేది మూల మీది పేరు, వయసు, ఆడా మగా, తేదీ. తర్వాత కుడి ఎడమ గుర్తు. అవి సరిపోయాకే లోపలికి.

స్కాన్ అవగానే సెంటర్లు ఫోనుకి పంపే లింకుల వల్ల అన్నిటికన్నా ఎక్కువ మేలు పక్షవాతం కేసుల్లో కనబడింది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని సాధారణంగా లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ముందు సీటీ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. రక్తస్రావం ఉంటే ఆ ఇంజెక్షనే ప్రాణం తీస్తుంది. కావలి నుంచి నెల్లూరు పోవడానికే గంట పడుతుంది. ఒక రాత్రి అన్నం తింటూ మాట తడబడి, కుడి చేయి జారిపోయిన మనిషిని తీసుకొచ్చారు. ఊళ్లోనే సీటీ తీయించాం. రాత్రి పూట రిపోర్టు ఎప్పుడొస్తుందో చెప్పలేరు. కానీ స్కాన్ టేబుల్ మీద నుంచి ఆయన్ని దింపేలోపే లింకు నా ఫోనుకొచ్చింది. మెదడు విండోలో పెట్టి అడుగు నుంచి మాడు దాకా ఒక్కో స్లైసే చూశాను. తాజా రక్తం అంకె సుమారు 50 నుంచి 70 దాకా ఉంటుంది, చుట్టూ ఉన్న మెదడు కన్నా తెల్లగా మెరుస్తుంది. అలాంటిదేమీ లేదు. వెంటనే అదే లింకు నెల్లూరు ఆస్పత్రి న్యూరాలజిస్టుకి పంపాను. విండో ఇంకా సన్నం చేసి, ఎడమ వైపు మెదడు అంచుల్లో తేడా మొదలైందని ఆయన పట్టుకున్నాడు. అంబులెన్సు కోవూరు దాటకముందే అక్కడ ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టారు. ఆ మనిషి ఇప్పుడు కుడి చేత్తోనే సంతకం చేస్తున్నాడు.

ఫోను తెర మీద చూసి “అంతా మామూలే” అని మాత్రం నేనెప్పుడూ చెప్పను. రేడియాలజిస్టులు చదివే మానిటర్లు వేరు, వాటి వెలుగు వేరు, వాళ్లు చీకటి గదిలో కూర్చుని చదువుతారు. నేను ఫోన్లో వెతికేది ఒక ప్రశ్నకి జవాబు. రక్తం ఉందా లేదా, ఊపిరితిత్తి ముడుచుకుపోయిందా లేదా, అంతవరకే. మిగతాదానికి రిపోర్టు రావాలి. నాకు కనబడనివి, నేను వెతకనివి చాలా ఆయనకి కనబడతాయి. నడుం కోసం తీసిన స్కాన్‌లో మూలన ఉన్న మూత్రపిండాన్ని కూడా చూసి రాసేది ఆయనే.

పాత స్కాన్‌లు దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడితే మొదట అడగాల్సింది, ఇది ఇంతకుముందు ఉందా అని. గట్టి గడ్డ రెండేళ్లు అదే సైజులో ఉంటే సాధారణంగా భయపడక్కర్లేదు. ఒకావిడకి సూది పెట్టి ముక్క తీసే బయాప్సీ దాకా మాట వచ్చింది. ఎప్పుడో దగ్గు వచ్చినప్పుడు ఒంగోల్లో సీటీ తీశారని మాటల్లో అంది. ఇంటికి మనిషిని పంపితే పెట్టెలో పట్టుచీరల అడుగునుంచి ఆ సీడీ దొరికింది. రెండు స్కాన్‌లూ పక్కపక్కన తెరిచి, రెండిట్లోనూ ఒకే విండో పెట్టి, ఒకేసారి జరుపుతూ చూశాను. మూడేళ్ల కిందటా అక్కడే, అంతే ఉంది. పాత క్షయ మిగిల్చిన మచ్చ. రేడియాలజిస్టూ అదే రాశాడు, బయాప్సీ ఆగింది. ఆ సీడీ లేకపోయుంటే సూదో, లేదంటే కొన్ని నెలలకి ఇంకో సీటీనో తప్పేది కాదు. ఒక ఛాతీ సీటీతో ఒంట్లోకి పోయే రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రేకి ఎన్నో రెట్లు.

సెంటర్లు పంపే లింకులు కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తాయి. అందుకని లింకు వచ్చినా డైకామ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనో సీడీలోనో అడిగి తీసుకోమని ప్రతి పేషెంటుకీ చెప్తాను. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. వైద్య నీతి నియమావళి 2002 ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను డాక్టర్లు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లోపు ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫిల్ముకి ఫోటో తీసి పంపడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ట్యూబ్‌లైటు నీడ పడుతుంది, వాట్సాప్ ఆ ఫోటోని ఇంకా కుదించేస్తుంది. డాక్టర్ల గ్రూపుల్లో పేషెంటు పేరు, వయసు, ఫోన్ నంబరుతో సహా బొమ్మలు పెట్టేస్తుంటారు, అది చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. వ్యూయర్లో పేరు తీసేసే ఏర్పాటు ఉంటుంది. ఎవరి సలహా అయినా కావాలంటే అది వాడాకే పంపుతాను.

నా చీటీ ఇప్పుడు కొంచెం పొడుగైంది. “ఎంఆర్ఐ వెన్నుపూస” అని రాసి వదిలేయను. ఏం వెతకాలో ఒక ప్రశ్నగా రాస్తాను. కాళ్లు బిగుసుకుని ఎన్నాళ్లయిందో, ఇంతకుముందు స్కాన్ ఏదైనా ఉంటే ఎక్కడ తీశారో, అనుమానం ఏమిటో రాస్తాను. నా ఫోన్ నంబరు పెడతాను, అర్ధరాత్రయినా చేయమంటాను. సొంతూరు, తాగే నీళ్లు అని ఒక గడి కూడా పెట్టాను. మొదట్లో ఒక సెంటరు నుంచి టెక్నీషియన్ ఫోన్ చేసి, “మేడమ్, స్కాన్‌కి నీళ్లతో ఏం పని?” అని అడిగాడు. పొదిలి పెద్దాయన సంగతి చెప్పాను. వాళ్ల ఫారంలో ఇప్పుడు ఆ గడి ఉంది, దర్శి వైపు నుంచి ఎవరొచ్చినా వెన్నుపూసతో పాటు ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయమంటారా అని వాళ్లే ముందుగా ఫోన్ చేసి అడుగుతున్నారు.